సలేశ్వరం నడక అలవాటు ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు సరిపోతుందా?

ప్రశ్న (అచ్చంపేట):
మిత్రులకు నమస్కారం. ఏటా చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగి ఎక్కివస్తుంటాను. భువనగిరి గుట్టను కూడా పలుమార్లు ఎక్కాను. వచ్చే అక్టోబరులో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ వరకు నడవాలని నిశ్చయించుకున్నాను. ఈ అలవాటు అక్కడ సరిపోతుందా? శిఖరాలకంటే అక్కడి జంతువులను, షెర్పాల జీవనాన్ని దగ్గరగా చూడాలన్నదే నా కోరిక.

జవాబు (నల్లగొండ):
అన్నా, మీ కాళ్లకు ఢోకా లేదు. 2014లో 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ పొందింది కూడా భువనగిరి గుట్ట మీదనే. అయితే గుట్ట నేర్పేది రాతి మీద పట్టు మాత్రమే. 5,364 మీటర్ల ఎత్తులోని బేస్ క్యాంప్ వద్ద పీల్చే ప్రతి శ్వాసలో మన ఊళ్లో దొరికే ప్రాణవాయువులో దాదాపు సగమే ఉంటుంది, దానికి శరీరం అలవాటు పడాలంటే రోజులు పడుతుంది. 3,440 మీటర్ల నామ్చే బజార్‌లో రెండు రాత్రులు తప్పక ఆగండి. మా బృందం తొందరపడి ఆ విశ్రాంతిని మానుకున్నది; డింగ్‌బోచే చేరేసరికి ఒక మిత్రునికి తలనొప్పి, వాంతులు మొదలై, తెల్లవారగానే కిందికి దింపవలసి వచ్చింది. ఆ రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

జవాబు (మహబూబ్‌నగర్):
జంతువుల కోసమైతే టెంగ్‌బోచే చుట్టుపక్కల తెల్లవారుజామున నడవండి. అక్కడ నేపాల్ జాతీయ పక్షి డాంఫే నాకు పదడుగుల దూరంలో కనిపించింది: ముక్కుతో మట్టిని తవ్వుకుంటూ, తల ఎత్తినప్పుడల్లా మెడ మీది ఈకలు ఆకుపచ్చ నుంచి రాగిరంగుకు మారుతూ ఉన్నాయి. జూలుగల కొండమేకలు, వాటిని తహర్ అంటారు, నిలువు చరియల మీద మేస్తుంటాయి. మంచు చిరుత కనబడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

షెర్పా అన్నది మూటలు మోసే పనికి పేరు కాదు, ఒక జాతి పేరు. ‘తూర్పువారు’ అని దాని అర్థం, వారి పూర్వికులు టిబెట్ తూర్పు ప్రాంతం నుంచి కనుమలు దాటి వచ్చినవారు. పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం వారి ఆచారం: ఆదివారం పుడితే నీమా, సోమవారం దావా, శుక్రవారం పాసాంగ్. మంత్రాలు చెక్కిన మణి రాళ్ల గోడ ఎదురైతే, మన గుళ్లో ప్రదక్షిణ చేసినట్టే, దానిని కుడివైపున ఉంచుకొని దాటాలి. చెట్లు మొలవని పై ఊళ్లలో పొయ్యిలోకి యాక్ పిడకలే. ఆ వాసనకు మా నాయనమ్మ వంటిల్లు జ్ఞాపకం వచ్చింది.

అచ్చంపేట సభ్యులు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇరుకు దారిలో యాక్‌లు ఎదురైతే ఏమి చేయాలి?

జవాబు (నల్లగొండ):
లోయ అంచున కాకుండా కొండవైపు ఒదిగి నిలబడండి. మంద మొత్తం దాటిపోయాకే కదలండి.