అమెరికా డ్రిల్లుకి మన కరెంటు: ట్రాన్స్‌ఫార్మరా, కొత్త ఛార్జరా?

తెనాలి_రంపం:
మా బావగారు డాలస్ నుంచి కార్డ్‌లెస్ డ్రిల్ తెచ్చారు. ఛార్జర్ వెనక 'ఇన్‌పుట్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 1.8 ఆంపియర్లు' అని ఉంది. మనది 230, 50. పిన్ను మార్చే అడాప్టర్‌తో పెట్టేద్దామంటే మా ఆవిడ ప్లగ్ లాగేసుకుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే సరిపోతుందా? ఈ హెర్ట్జ్ గొడవేంటి?

పాతరేడియో:
ముందు మీ ఆవిడకి దండం పెట్టండి. అడాప్టర్ పిన్నులనే మారుస్తుంది, వోల్టేజీని కాదు. మా అబ్బాయి పంపిన ట్రిమ్మర్ ఛార్జర్‌ని నేనలాగే గుచ్చాను. టప్‌మంది, గదంతా కాలిన వాసన. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, హెర్ట్జ్ సంగతి మర్చిపోండి.

కాయిల్_మాస్టారు:
అంత తేలిగ్గా మర్చిపోకండి గురువుగారూ. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది, హెర్ట్జ్ అంటే ఏసీ కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, అది మాత్రం 50గానే ఉంటుంది. ఛార్జర్ స్విచ్‌మోడ్ రకమైతే వచ్చిన ఏసీని ముందే డీసీ చేసుకుంటుంది కాబట్టి దానికి పట్టింపు లేదు. లోపల ఇనుప కోర్ ఉన్న పాతరకమైతేనే చిక్కు. కోర్ మీద భారం వోల్టులని హెర్ట్జ్‌తో భాగిస్తే తేలుతుంది: 120ని 60తో భాగిస్తే 2, 50తో భాగిస్తే 2.4. అంటే కోర్ మీద 20 శాతం ఎక్కువ భారం. గుయ్‌మంటుంది, వేడెక్కుతుంది.

పాతరేడియో:
నేను చెప్పింది 110 కదా. 110ని 50తో భాగిస్తే 2.2. పది శాతానికి ఏ కోరూ చావదు.

కాయిల్_మాస్టారు:
మీ లైనులో 230 నిలకడగా ఉంటే నిజమే. అర్ధరాత్రి లోడు తగ్గి 250కి ఎక్కితే మీ 110 కూడా దాదాపు 120 అవుతుంది. రాత్రంతా పెట్టి పడుకునేది ఆ టైములోనే!

బెజవాడ_బోల్టు:
ఇద్దరూ లెక్కల్లో పడ్డారు. అదే బ్యాటరీకి 230 వోల్టుల ఛార్జర్ ఇక్కడ దొరుకుతుందేమో అడగండి. దొరికితే ఈ ఇనుప దిమ్మ మోయడం దేనికి?

తెనాలి_రంపం:
అడిగానన్నా. ఈ మోడల్ బ్యాటరీకి ఇక్కడ లేదన్నారు. షాపువాడు అరచేతిలో పట్టే కన్వర్టర్ చూపించాడు, 1600 వాట్లట, ధర తక్కువ.

కాయిల్_మాస్టారు:
వద్దు. ఆ సైజులో అన్ని వాట్లంటే అది కరెంటు తరంగాన్ని కోసి ఇచ్చే రకం. ఇస్త్రీపెట్టెకి, హెయిర్ డ్రయర్‌కి చాలు, ఛార్జర్‌కి పనికిరాదు. మీకు 120 ఇంటూ 1.8, అంటే 216 వీఏ (వోల్ట్-ఆంపియర్లు). 500 వీఏ కాయిల్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. ఇంతకీ ఛార్జర్ బరువెంత?

తెనాలి_రంపం:
టిఫిన్ బాక్సంత ఉంది గానీ బరువే లేదు.

కాయిల్_మాస్టారు:
ఇనుప కోర్ ఉంటే బరువుండేది. అయితే స్విచ్‌మోడే అయ్యుంటుంది. రేడియో గారూ, ఈసారికి మీరే గెలిచారు.

పాతరేడియో:
ఈసారికి ఏంటండీ, ఎప్పుడూ అంతే.

తెనాలి_రంపం:
500 వీఏది తెచ్చాను. పగలే పెట్టాను, పక్కనే కూర్చున్నాను. బ్యాటరీ నిండింది, ఛార్జర్ గోరువెచ్చగా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం సన్నగా గుయ్‌మంటోంది. మా పిల్లి వెళ్లి దాని మీద పడుకుంది.