ప్రతిభారమా, పాసంగమా?

ప్రశ్న: ఇంట్లో కట్టుకునే చిన్న విమానాల గురించి తెలుగులో రాస్తుంటే ఒక మాట దగ్గర ఆగాను. ఎయిలరాన్ (విమానాన్ని పక్కకు ఒరిగించడానికి రెక్క వెనకంచున కీలు మీద కదిలే పలక) ముందంచులో సీసం దిమ్మ పెడతారు కదా, దాన్ని ‘ప్రతిభారం’ అంటే సరిపోతుందా? ‘తులాభారం’ అనవచ్చా?

జవాబు: తులాభారం వద్దండీ. అందులో రెండు తట్టల బరువూ ఒకటే. ఇక్కడ సమానం కావలసింది బరువు కాదు, బరువును కీలు నుంచి దూరంతో గుణిస్తే వచ్చేది. ఎయిలరాన్ 2.4 కిలోలు, దాని గురుత్వకేంద్రం కీలుకు 6 సెం.మీ. వెనక ఉందనుకోండి: గుణిస్తే 14.4. కీలుకు 12 సెం.మీ. ముందు దిమ్మ పెడితే 1.2 కిలోలు చాలు. పోలిక కావాలంటే తక్కెడ కంటే ఏతం నయం.

లెక్కను కాటాతో సరిచూసుకోవచ్చు. దిమ్మ ఇంకా పెట్టకముందు ఎయిలరాన్‌ను కీళ్ల మీద అడ్డంగా, మట్టంగా నిలిపి వెనకంచు కింద కాటా పెట్టండి. వెనకంచు 36 సెం.మీ. దూరంలో ఉంటే 400 గ్రాములు చూపాలి. కీలు బిగుతుగా ఉంటే మాత్రం కాటా అబద్ధం చెబుతుంది.

మరో జవాబు: ‘పాసంగం’ అనే చక్కటి మాట ఉందిగా! త్రాసు తట్టల తేడా సరిచేయడానికి కట్టే బరువు.

జవాబు: పాసంగం అంటే చిన్న సర్దుబాటు అనిపిస్తుంది. కిలో పైచిలుకు దిమ్మకు ఆ పేరు నప్పదు. కానీ ఈ పనిలో దానికీ చోటుంది. రంగు వేశాక వెనకభాగం బరువెక్కుతుంది. 80 గ్రాముల రంగు సగటున 18 సెం.మీ. వెనక చేరితే ముందు 120 గ్రాములు కావాలి. రంగుకు ముందే తూచి ముగించేవారు తప్పేది ఇక్కడే. అందుకే పోతపోసిన దిమ్మ ప్రతిభారం, రంగు ఆరాక కలిపేదీ తొలిచి తీసేదీ పాసంగం.

పోత సంగతి: 1.2 కిలోల సీసం దాదాపు 106 ఘన సెం.మీ. గడ్డకట్టేటప్పుడు సీసం కుంచించుకుంటుంది కాబట్టి అచ్చు కాస్త పెద్దదిగా చేయాలి. ఎక్కువైతే డ్రిల్‌తో తొలవచ్చు, తక్కువైతే అతికించడం తలనొప్పి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అచ్చులో తడి ఉంటే ఆవిరి పేలి కరిగిన సీసం ఎగజిమ్ముతుంది, ముందు అచ్చును వేడిచేసి ఆరబెట్టాలి. గాలి ఆడే చోటే పోయాలి. సీసం గుళ్లను ఎపాక్సీ జిగురుతో కలిపితే మధ్య ఖాళీల వల్ల అంత బరువుకు చాలా ఎక్కువ చోటు పడుతుంది.

ప్రశ్నించినవారు: బోల్టు బిగిస్తే చాలా?

జవాబు: సీసం మెత్తన. ఒత్తిడికి నెమ్మదిగా జారి బిగుతు వదులవుతుంది. బోల్టు రంధ్రంలో ఉక్కు గొట్టం, రెండు పక్కలా వెడల్పు వాషర్లు, లాక్‌నట్ పెట్టాలి. సీసం అల్యూమినియానికి నేరుగా తగిలితే తేమ చేరినచోట అల్యూమినియం తినుకుపోతుంది, మధ్యలో ప్రైమర్ పూత ఉండాలి.

మరో జవాబు: ఈ దిమ్మ పెట్టేదే ‘ఫ్లటర్’ రాకుండా. దానికి ‘రెపరెప’ అంటున్నారు కొందరు. జెండాకు బాగుంది గానీ, క్షణాల్లో రెక్క విరిచే కంపానికి అది మరీ ముద్దుమాట. ‘ఫ్లటర్’ అనే ఉంచండి. ఎంత సమతూకం కావాలన్నది మాత్రం రూపకర్త డ్రాయింగ్‌లో ఉన్నదే ఖాయం.