లాంటానా పక్కన జీడి అంటు బతకదా?

జీడితోట (మందస): 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జీడిచెట్లను పడగొట్టాక ఎండ తగిలిన చోటల్లా లాంటానా అనే ముళ్లపొద కమ్ముకుంది. దాని నల్లపళ్లు తిన్న పికిలిపిట్టలు గింజలు చల్లుతూనే ఉన్నాయి. నిరుడు వానలకు మూడు వరుసల జీడి అంట్లు నాటాను. గట్టు అవతలి పొదలను ఆనుకున్న వరుసలో పదకొండు ఎండిపోయాయి. మిగతా రెండు వరుసలూ పచ్చగా ఉన్నాయి. ఆ మొక్క మట్టిలోకి విషం దించుతుందని నేనంటాను.

గంటస్తంభం (విజయనగరం): ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. లాంటానా ఆకురసం పోస్తే గింజల మొలక తగ్గుతుంది, నిజమే. కానీ అలాంటి ప్రయోగాలు ఎక్కువగా గాజుపళ్లెంలో, చిక్కటి రసంతో చేసినవి. పొలంలో వాన ఆ రసాన్ని పలచన చేస్తుంది, మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని కరిగిస్తాయి. మీ అంట్లను చంపినవి నీడ, నీటి కరువు. ముదురు జీడిచెట్టు కింద కూడా గడ్డి సరిగా మొలవదు. దాన్నీ విషమందామా?

మేకలమంద: పశువులకు మాత్రం విషమే. ఆ ఆకు మేసిన మా ఆవుకు కామెర్లు వచ్చాయి. ఎండలో నిలబడితే మూతి చర్మం పగిలేది.

జీడితోట: నీటి కరువా మాస్టారూ? వేసవంతా బిందెలతో మోసి పోశాను, మూడు వరుసలకూ ఒకే కొలత. చచ్చిన అంటును పెకలిస్తే పిల్లవేర్లు నల్లబడి, వేలితో తాకగానే రాలిపోయాయి. నీడకు వేరు నల్లబడుతుందా?

గంటస్తంభం: నీరు నిలిచి కుళ్లినా నల్లబడుతుంది.

జీడితోట: ఇందాక నీరు చాలలేదన్నారు, ఇప్పుడు ఎక్కువైందంటున్నారు! మొక్కను తప్ప అన్నింటినీ తప్పుపడుతున్నారు.

కొబ్బరితోట (కవిటి): విషమో నీడో, తీసేయాల్సిందే కదా. కొడవలితో నరికితే మళ్లీ చిగురిస్తుంది. కాండం నేలను తాకే చోటికి కాస్త కింద గునపంతో వేరు తెంచి, పొదను తలకిందులుగా పడేయండి.

జీడితోట: నా వైపు అలాగే తీశాను. గట్టు అవతల నేల నాది కాదు. యజమాని పట్నంలో ఉంటారు, ఫోను ఎత్తరు. చదువుకున్నవారు విషం లేదని రాస్తే ఆయనకు అంతకన్నా ఏం కావాలి?

గంటస్తంభం: మీరు తిడుతున్నది లాంటానానా, నాలాంటివాళ్లనా? సోంపేట దగ్గర నాకూ ఎకరం పావు ఉంది. తిత్లీకి జీడి, కొబ్బరి రెండూ కూలాయి. మొద్దులు తీయించేసరికే చేతిలో డబ్బు అయిపోయింది. ఇప్పుడక్కడ నడుమెత్తు లాంటానా. ఊరు వెళితే పక్క రైతు నన్ను నేరస్థుణ్ణి చూసినట్టు చూస్తాడు. నేను కావాలని పెంచానా?

జీడితోట: పెంచారని అనలేదు. ఆ రైతు మొక్కలు ఎండాయా లేదా, అది చెప్పండి.

గంటస్తంభం: గట్టు పక్కన నాలుగు ఎండాయి. నీడ వల్లే అని ఇప్పటికీ అంటాను.

జీడితోట: ఆ నీడ ఎవరి పొదది? గట్టు వెంట మూడు గజాలు మీ వైపు తవ్వుకుంటానని ఆయన అడగలేదా?

గంటస్తంభం: అడిగాడు. కూలి ఎవరిదో తేలక నేను జవాబివ్వలేదు.

కొబ్బరితోట: సగం సగం పెట్టుకోండి. మా వైపు పొదలు పూత మీదున్నాయి, మీ వైపూ అంతే అయి ఉంటుంది. కాయ నల్లబడితే పిట్టలు ఆగవు.

గంటస్తంభం: ఆదివారం సోంపేట వెళతాను.