ఊరి చుట్టూ ఉన్నది కంటికి ఆనడం లేదు, మీరెలా చూస్తారు?

అల్లూరు అబ్బాయి:
నాకు 34 ఏళ్ళు. పదేళ్ళు చెన్నైలో ఉద్యోగం చేశాను. ఏడాదికి రెండుసార్లు మున్నారో కూర్గో వెళ్ళకపోతే ఊపిరాడేది కాదు. అమ్మకు పక్షవాతం వచ్చాక, ఏప్రిల్ నుంచి అల్లూరు దగ్గర మా ఊళ్ళోనే ఉండి ఇంటి నుంచి పని చేస్తున్నాను. ఆమెను వదిలి రెండు గంటలకు మించి బయట ఉండలేను. సాయంత్రం కాలవ గట్టు మీద నడుస్తాను. వరి మళ్ళు, తాటి చెట్లు, రొయ్యల గుంటలు, కరెంటు స్తంభాలు. అంతే. పుట్టి పెరిగిన చోటే గదా, పది నిమిషాలకే చెయ్యి ఫోన్ మీదకు పోతుంది. కొండలూ లోయలూ ఎవరూ నేర్పకుండానే బాగుంటాయి. ఇట్టాంటి చదును నేలను చూడడం ఎట్టా నేర్చుకోవాలి?

సముద్రం పక్కోడు:
అన్నా, ఇసకపల్లి తీరం మీకు దగ్గరే గదా. పొద్దున్నే నీళ్ళు వెనక్కి తీసినప్పుడు వెళ్ళి, తల ఎత్తకుండా కాళ్ళ దగ్గర చూడండి. గోరంత పీతలు ఇసుకను నోట్లో పెట్టుకుని, తినేది తీసుకుని, మిగతాది ఉండ చుట్టి వదిలేస్తాయి. బొరియ చుట్టూ ఆ ఉండలు ముగ్గు పెట్టినట్టు ఉంటాయి. మళ్ళీ పోటు వస్తే అంతా చెరిగిపోతుంది.

టంగుటూరు టీచరమ్మ:
నాయనా, నేను రిటైరైన టీచర్ని. నడిస్తే చూపు రాదు, ఒకే చోట కూర్చుంటే వస్తుంది. మా చేలో పాత దిగుడుబావి మీదకు వంగిన ఈత చెట్టు ఉంది. దానికి గిజిగాడి గూళ్ళు నా చిన్నప్పటి నుంచీ వేలాడుతూనే ఉన్నాయి. వాటి పక్క నుంచే ఏళ్ళ తరబడి బడికి పోయాను. మోకాలి ఆపరేషన్ అయిన ఏడాది, వానాకాలంలో ఎటూ పోలేక, రోజూ పొద్దున ఆ బావి దగ్గర కుర్చీ వేయించుకున్నాను.

అప్పుడు చూశాను. మగపిట్ట ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెడుతుంది. ఆ కొస పట్టుకుని ఎగిరితే సన్నటి పీచు సర్రున చీలి వస్తుంది. దాన్ని దూర్చి, లాగి, ముడేసి అల్లుతుంది. గూడు సగమయ్యేసరికి, బోర్లించిన బుట్టలాగా ఉన్నప్పుడు, పని ఆపి రెక్కలు కొట్టుకుంటూ పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి చూస్తుంది. నచ్చితేనే మగపిట్ట మిగతా సగం, కింది గొట్టం కడుతుంది. నచ్చకపోతే ఆ గూడు అట్టాగే మిగిలిపోతుంది. మా చెట్టుకు అట్టాంటివి నాలుగున్నాయి. అవి గాలికి తెగిపోయిన గూళ్ళని ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పాను! రాలిన గూడు ఒకటి విప్పితే లోపల ఎండిన మట్టి వేలికి గట్టిగా తగిలింది. తడిమట్టి తెచ్చి అంటించేది కూడా ఆ మగపిట్టే.

గట్టు మొత్తం నడవద్దు నాయనా. ఒక తూము దగ్గరో, ఒక చెట్టు కిందో, రోజూ అదే వేళకు అరగంట కూర్చో. మొదటి వారం విసుగొస్తుంది. రానీ.

సత్రం కుర్రోడు:
మాది దొరవారిసత్రం వైపు. మా పక్కనున్న నేలపట్టు పక్షుల కేంద్రం 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మేం ఇంకా నెల్లూరోళ్ళమనే చెప్పుకుంటాం. చలికాలంలో గూడబాతుల్ని, అదే పెలికాన్లను, చూడ్డానికి కార్లేసుకుని వస్తారు. నీళ్ళలో నిలబడిన కడప చెట్ల మీద గూళ్ళు పెడతాయి అవి. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పైరుకు మంచి బలం. మా అవ్వ ఫొటోలు తియ్యదు గానీ, ఏ ఏడు ఎన్ని దిగాయో చెప్తుంది.

మీ మళ్ళల్లోకి నత్తగుల్ల కొంగలు వస్తుంటాయి, చూడండి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగాక వస్తుంది. అది ఒకసారి కనిపెట్టారంటే కొంగల గుంపులో దాన్నే వెతుక్కుంటారు.

అల్లూరు అబ్బాయి:
మూడు వారాలైంది. టీచరమ్మ గారు చెప్పినట్టు తూము దగ్గరే కూర్చుంటున్నాను. నిజంగానే మొదటి వారం మహా విసుగు. తొమ్మిదో రోజు నత్తగుల్ల కొంగ ముక్కు సందులోంచి అవతలి పచ్చదనం కనిపించింది. అంత దగ్గరికొచ్చింది.

నిన్న అమ్మను చక్రాల కుర్చీలో తీసుకుపోయాను. ఆమెకు మాట ఇంకా స్పష్టంగా రాదు. గట్టు అంచున చిన్న తెల్లపూల మొక్కను చూపించి, తెంపమంది. నలిపితే నా వేళ్ళు నల్లబడ్డాయి. "గుంటగలగర" అంది, విడివిడిగా, కష్టపడి. చిన్నప్పుడు నా తలకు కాచి రాసిన నూనె దీంతోనేనట. రోజూ దాన్ని తొక్కుకుంటూ నడిచాను నేను.

రేపు అవతలి గట్టుకు తీసుకుపొమ్మంటోంది. అక్కడ పొన్నగంటి ఉంటుందట.