సార్క్ మళ్లీ కదలాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మాది ఒడిశాలోని రాయగడ. ఇక్కడి తెలుగు పిల్లలకు సాయంత్రం పూట సాంఘిక శాస్త్రం చెబుతుంటాను. 1985లో ఢాకాలో మొదలైన దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌కు 2014 తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగలేదంటే, "మరి ఇరుగుపొరుగు దేశాలు ఎప్పటికీ ఇంతేనా మాస్టారూ?" అని అడిగారు. నిజంగా బాధేసింది.

యుద్ధాల్లో తలపడ్డ ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ 1951లోనే బొగ్గు, ఉక్కు మీద ఉమ్మడి ఒప్పందం చేసుకున్నాయి. మలేసియాతో గొడవ ముగిసిన ఏడాదికే, 1967లో, ఇండోనేషియా దానితో కలిసి ఆసియాన్ అనే ఆగ్నేయాసియా దేశాల కూటమి పెట్టింది. మన దగ్గర భారత్, పాకిస్తాన్ మధ్య 1960లో కుదిరిన సింధు జలాల ఒప్పందం యుద్ధాలను తట్టుకుని కూడా 2025లో ఆగింది. అయినా 2024లో నేపాల్ కరెంటు మన లైన్ల మీదుగా బంగ్లాదేశ్ చేరింది కదా! నాకైతే ఇలాంటి పనులే ముందు అనిపిస్తోంది.

నమ్మకం కుదరకముందే ఉమ్మడి పనులు నిలబడతాయా? విదేశాంగ వ్యవహారాలు చదివినవాళ్లు తొమ్మిదో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలరా?