వసతిగృహం తాగునీటిని పరీక్ష చేయించడంపై సలహా కావాలి

నేను తెలంగాణలోని ఒక విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్నాను. మా వసతిగృహంలో బోరు నీటిని ఆర్వో యంత్రంతో శుద్ధిచేసి స్టీలు ట్యాంకులో నిల్వ ఉంచుతారు. ఆ నీటిపై నమ్మకం లేక కొందరు క్యాన్లు కొనుక్కుంటున్నారు. తరగతుల భవనంలో మరుగుదొడ్లు శుభ్రంగా ఉండనందున చాలామంది అమ్మాయిలు పగలంతా నీళ్లు తాగడమే తగ్గించుకున్నారు. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది ఇదే.

సిబ్బందిని అడిగితే టీడీఎస్ (నీటిలో కరిగిన ఘనపదార్థాల మొత్తం) మీటరు చూపించి, 60 ఉంది కనుక భయం లేదంటున్నారు. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500:2012 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకుండా ఉంటే మంచిదన్నది నిజమే గానీ, ఆ మీటరు కరిగిన లవణాలను అంచనా వేస్తుందే తప్ప బాక్టీరియాను పట్టుకోలేదు. పైగా ఆర్వోలోని కార్బన్ ఫిల్టరు సూక్ష్మజీవులను చంపే క్లోరిన్‌ను తొలగిస్తుంది కాబట్టి, ట్యాంకును తరచూ కడగకపోతే శుద్ధిచేసిన నీరు కూడా మళ్లీ కలుషితం కావచ్చు.

సూక్ష్మజీవుల పరీక్షకు నీటి నమూనాను ఎటువంటి సీసాలో సేకరించాలి, ఎన్ని గంటల్లోగా ప్రయోగశాలకు చేర్చాలి? విద్యార్థులు నేరుగా తీసుకెళితే ప్రభుత్వ ప్రయోగశాలలు స్వీకరిస్తాయా, లేక వార్డెన్ సంతకం తప్పనిసరా? ట్యాంకు కడిగిన తేదీని, పరీక్ష ఫలితాన్ని గోడపై రాసిపెట్టేలా మీ క్యాంపస్‌లో ఎవరైనా అధికారులను ఒప్పించి ఉంటే, ఎలా సాధ్యమైందో దయచేసి తెలియజేయగలరు.