అప్‌డేట్: వెండి రంగు పూత ఉన్న పాత రైఫిల్ తూటాలు ఏమిటో తేలింది

ఒహాయోలో మేము కొన్న పాత ఇంటి అటక మీద దొరికిన .30-06 (పాత అమెరికన్ సైనిక రైఫిల్ కొలత) తూటాల మొనలోని బుల్లెట్లు వెండిలా మెరుస్తున్నాయని, అవి కవచాన్ని ఛేదించే రకమా అని ఇక్కడే అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

తూటా అడుగుభాగంలోని ముద్ర చదవమన్న సలహాయే దారి చూపింది. అక్కడ ‘ఎఫ్ ఎ’ అనే అక్షరాలు, 21 అనే అంకె ఉన్నాయి. పాత తూటాలను సేకరించే నిపుణుడు ఒకరు వాటిని స్వయంగా పరిశీలించి, అవి ఫిలడెల్ఫియాలోని అమెరికా సైనిక తూటాల కర్మాగారం ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ 1921లో జాతీయ రైఫిల్ షూటింగ్ పోటీల కోసం తయారుచేసినవని, పైనున్నది తగరపు పూత అని చెప్పారు. ఆ రోజుల్లో బుల్లెట్ల మీది రాగి, నికెల్ మిశ్రమపు తొడుగులు తుపాకీ గొట్టంలో లోహపు ముద్దలుగా అంటుకుపోయేవి. దాన్ని నివారించడానికే ఈ పూత వేశారు. అయితే కాలక్రమంలో తగరం, బుల్లెట్‌ను పట్టి ఉంచే ఇత్తడి గొట్టం (కేసు) మెడకు టంకం వేసినట్టు అతుక్కుపోయేది. దానికి తోడు, అలవాటు కొద్దీ బుల్లెట్లకు గ్రీజు పూసి పేల్చినప్పుడు పీడనం ప్రమాదకరంగా పెరిగేది. ఆ తర్వాత పూతను మాని, తగరాన్ని మందుగుండులోనే కలిపారు. ఇంత తెలివైన ఆలోచన ఇలా ఎదురుతిరగడం నన్ను నిజంగా కదిలించింది.

అయస్కాంతం పరీక్ష, కవచాన్ని ఛేదించే బుల్లెట్లలో ఉండే ఉక్కు వీటిలో లేదని మాత్రమే తేల్చింది. పూత ఏదో చెప్పలేకపోయింది. వీటిని ఎవరూ పేల్చవద్దని, పూతను గీకవద్దని ఆ నిపుణుడు గట్టిగా చెప్పారు. ప్రస్తుతం వాటిని పొడిగా, విడిగా భద్రపరిచాను.